అప్పజెప్పిన సాక్ష్యం

మా ఇంట్లో పిల్లలకు పళ్ళు రావడం, పద్యం రావడం ఇంచుమించు ఒకేసారి జరిగేవి. చుట్టాలెవరైనా వస్తే వాళ్ళు చెప్పులు విడిచేలోపే మా నాయన మమ్మల్ని హాల్లోకి పిలిచి వరసగా నిలబెట్టేవాడు. చేతులు కట్టుకోవాలి. ఎదుటివాళ్ళ మొహం కాకుండా గోడను చూడాలి. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. మధ్యలో తడబడితే ఆగినచోట అందుకోవడానికి లేదు, మళ్ళీ మొదటికి రావాలి. మేము అలా మొదటికీ మధ్యకూ తిరుగుతూ ఉంటే వచ్చినవాళ్ళకు కాఫీ చల్లారిపోయేది. పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, “భలే, భలే” అనేవాళ్ళు.

నేను టీచరునయ్యాక ఆ విద్యనే బడికి మోసుకుపోయాను. మాది కోలారు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి కాడుగోడిలో కుదురుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో రెండూ కలిసిన మూడోది. నేను పనిచేసిన చిన్న ప్రైవేటు బడిలో స్కూల్ డే దగ్గరపడిందంటే పద్యమైనా ఉపన్యాసమైనా నాకే అప్పగించేవాళ్ళు. నా పిల్లలు స్టేజీ ఎక్కి మరిచిపోయారన్న మాట ఎవరూ అనలేదు. అంటే నేను ఊరుకునేదాన్ని కూడా కాదు. నాకు కోపం ఎక్కువ, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ విద్య వల్ల మా అక్క కూతురికి ఏం జరిగిందో రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఆ పిల్లకు ఒక మనిషి అన్యాయం చేశాడు. దాన్ని తన నోటితో తాను చెప్పుకోవలసిన రోజు వచ్చినప్పుడు, ఆ నోట్లో నేను నా మాటలు పెట్టి పంపాను. ఆమె మాట ఆమెది కాకుండా పోయింది. చేసిందంతా ప్రేమతోనే చేశాను. అయినా ఆ బరువు దిగడం లేదు.

తొంభైల మధ్యలో సంగతి. అక్కా బావా ఒక వఠారంలో అద్దెకుండేవాళ్ళు. ఒకటే నడవ, దానికి అటూ ఇటూ ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. ఓనరుకు వీధి మొదట్లో పిండిమిల్లు ఉండేది. ఊళ్ళో పెద్దమనిషి. భజనల్లో ముందు వరసలో కూర్చునేవాడు. వఠారంలో పిల్లలందరికీ “మామ”. అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు. డబ్బాలో రాగులో గోధుమలో పోసి పంపితే మిల్లుకు పోయి పట్టించుకొచ్చేది. ఆ వయసు పిల్లలందరూ చేసే పనే కాబట్టి అక్క ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఆదివారం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. అనపకాయల కాలం. గడప దగ్గర చాట పెట్టుకుని ఇద్దరం కాయలు ఒలుస్తున్నాం. తల ఎత్తకుండా అంది.

“చిన్నమ్మా, నేనింక మిల్లుకు పోను.”

“ఏమే, డబ్బా బరువా? లేకుంటే బద్ధకమా?”

“కాదు. మొన్న ఆడ మిరపకాయలు పట్టిస్తా ఉండారు. నాకు తుమ్ములే తుమ్ములు. మామ నవ్వినాడు. లోపల రూములో తుమ్ములు రావు, ఆడ కూసుందువు పా అన్నాడు. ఆడంతా గోనెసంచులు ఉండాయి. నిజంగానే తుమ్ములు రాలేదు చిన్నమ్మా.”

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పింది. అది నేనిక్కడ రాయను. వరసగా చెప్పలేదు. ముందు చివరిది చెప్పింది, తర్వాత మధ్యది, ఆ మధ్యలో మిల్లు బెల్టు చేసే చప్పుడు, తన గౌను మీద పడిన పిండిచేతి గుర్తు, దాన్ని నడవలో కొళాయి దగ్గర కడుక్కోవడం. తుమ్ముల దగ్గర కొంచెం నవ్వింది కూడా. చెప్పడం అయ్యాక ఇంకో కాయ తీసుకుని ఒలిచింది. “అమ్మకు చెప్పద్దు. పిండి ఒలకబోసినానని కొడ్తాది,” అంది.

నా చేతుల్లో కాయలు అలాగే ఉండిపోయాయి. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు నాకు. అబద్ధమాడే పిల్ల తుమ్ములు ఎక్కడినుంచి తెస్తుంది? గౌను మీద పిండిని ఎక్కడినుంచి తెస్తుంది?

ఇంట్లో చెప్పాను. అక్క కూలబడి ఏడ్చింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఆడపిల్లప్పా, బయట తెలిస్తే రేపు ఎవురు చేసుకుంటారు?” అంది. బావ మాత్రం, “గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇల్లు మారిపోదాం. వాని ముఖం చూసే పని తప్పుతాది,” అన్నాడు.

“మీరు మారిపోతే ఆ ఇంటికి ఇంకొకరు వస్తారు. వాళ్ళకూ పిల్లలుంటారు. వాళ్ళూ రాగులు పట్టిస్తారు,” అన్నాను. గొంతు చించుకున్నాను. బావను పట్టుకుని ఎన్ని మాటలన్నానో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆయన పిరికివాడు కాదు, భయపడిన తండ్రి. మొత్తానికి నా నోటికి జడిసి అందరూ స్టేషనుకు కదిలారు. ఆ కదలడం తప్పని నేను ఈ రోజుకూ అనుకోను.

అప్పట్లో ఇలాంటి పిల్లల కోసమని వేరే పద్ధతేమీ లేదు. చట్టంలో ఉన్న ఒకటి రెండు నియమాలు కూడా స్టేషనులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పిల్లను టేబులు ముందు నిలబెట్టారు. ఆ టేబులు ఆమె గడ్డం దాకా వచ్చింది. చుట్టూ సైకిలు పోయిందని వచ్చినవాళ్ళు, కొట్లాడుకుని వచ్చినవాళ్ళు. టేబులు అవతల ఖాకీ బట్టలు, లాఠీ, టోపీ. కన్నడలో అడిగితే మా ఇంటి తెలుగులో చెప్పింది. బెల్టు చప్పుడుతో మొదలుపెట్టి గోనెసంచుల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. “ముందు ఏమైంది, తర్వాత ఏమైంది, సరిగ్గా చెప్పమ్మా,” అని విసుక్కున్నాడు రాసుకునేవాడు. మళ్ళీ చెప్పింది. ఇంకో స్టేషను నుంచి పిలిపించిన ఆడ కానిస్టేబులుకు మళ్ళీ చెప్పింది. ఆస్పత్రిలో డాక్టరుకు మళ్ళీ. చెప్పిన ప్రతిసారీ కొంత తగ్గుతూ వచ్చింది. ఆఖరికి, “చిన్నమ్మనడగండి,” అని నా చీర వెనక్కు పోయింది.

రెండో రోజు మేము పోయేసరికి ఆ మనిషి అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో టీ ఇచ్చారు, తాగుతున్నాడు. పిల్ల చూసింది. గౌను తడిసిపోయింది. అక్క ఆమెను ఎత్తుకుని పరుగున బయటికి వచ్చేసింది. ఆ తర్వాత బెయిలు రావడం, అక్కావాళ్ళు వఠారం ఖాళీ చేసి మా వీధి వెనక చిన్న ఇంట్లో చేరడం చకచకా జరిగిపోయాయి. మిల్లు మాత్రం ఆగలేదు. ఊరంతా ఆ పిండే తింది.

కేసు కోర్టుకు రావడానికి రెండేళ్ళు పట్టింది. పిల్లకు పదేళ్ళు వచ్చాయి. సాక్ష్యం దగ్గరపడినప్పుడు సర్కారు వకీలును కలిశాం. మంచివాడే. చంక నిండా ఫైళ్ళు, మమ్మల్ని చూసి నడుస్తూనే మాట్లాడాడు. “పాపను కొంచెం రెడీ చేయండి మేడమ్. పిల్లలు బోనెక్కి తడబడతారు. తడబడితే కేసు పోతుంది,” అన్నాడు. నేను టీచరునని అక్క చెప్పింది. “అయితే ఇంకేం,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

అయితే ఇంకేం! నా చేతికి నా పని దొరికింది. స్టేషనులో ఆ పిల్ల తడబడుతుంటే పెద్దవాళ్ళు విసుక్కున్నది నా కళ్ళలో ఉంది. ఇంకోసారి దాన్ని ఎవరూ విసుక్కోకూడదు. అదొక్కటే నా పట్టుదల. ప్రతి ఆదివారం మా ఇంటికి పిలిపించుకున్నాను. ఆమె చెప్పిందంతా నా మనసులో వరసగా పేర్చాను. ముందుది ముందు, వెనకది వెనక. కోర్టు భాష కన్నడ కాబట్టి కన్నడలోనే, అదీ వీధి కన్నడ కాదు, పాఠ్యపుస్తకం కన్నడ. తెలుగులో చెప్పాలంటే, “పిండి తీసుకొని వచ్చుటకై నేను మిల్లుకు వెళ్ళియుంటిని,” అన్నట్టు ఉండేది మొదటి వాక్యం. పదేళ్ళ పిల్ల చేత అది చెప్పించాను.

“చిన్నమ్మా, తుమ్ములు?” అని అడిగింది ఒక రోజు.

“తుమ్ములు ఎందుకే? జడ్జి ముందర తుమ్ములు, దగ్గులు అంటే నవ్వుతారు. మిల్లుకు పోయినాను, లోపలికి పిలిచినాడు. అంతే చాలు.”

“గౌనుకు పిండి అంటింది కదా?”

“అదీ వద్దు. చేతులు కట్టుకో. మొదట్నుంచి చెప్పు.”

తుమ్ములు తీసేశాను. పిండి గుర్తు తీసేశాను. బెల్టు చప్పుడు తీసేశాను. నేను ఏ గుర్తులు చూసి ఆ పిల్లను నమ్మానో, వెతికి వెతికి వాటినే తీసేశాను. మిగిలింది శుభ్రంగా ఉంది, చిన్నగా ఉంది, ఎక్కడా ఆగే పని లేదు. ఆగితే మా నాయన పద్ధతే, మొదటికి రావాలి. మొదట్లో చెబుతూ చెబుతూ ఏడ్చేది. నెల తిరిగేసరికి ఏడుపు పోయింది. నాకు అది మెరుగు అనిపించింది. ఒక ఆదివారం మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పి నా వైపు చూసి నవ్వింది. అలవాటు కొద్దీ నేను చప్పట్లు కొట్టాను.

ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినపడతాయి. ఏ పాఠానికి చప్పట్లు కొట్టానో ఆ క్షణంలో నాకు తట్టలేదు. బొరుగులుండ చేతిలో పెట్టి పంపాను.

కోర్టు రోజున రైలెక్కి సిటీలో కంటోన్మెంటు స్టేషనులో దిగి పోయాం. అక్క కూడా సాక్షే కాబట్టి ఆమెను బయట కూర్చోమన్నారు. బావకు సెలవు దొరకలేదన్నాడు, నేనూ రెట్టించలేదు. లోపల వెనక బెంచీ మీద నేనొక్కదాన్నే. తెర లేదు, తలుపు మూయలేదు, వేరే కేసులవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఆ మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని పిల్లకు ఎదురుగా నిలబడ్డాడు.

మేజిస్ట్రేటు మెత్తగానే మాట్లాడాడు. ఏ క్లాసు, ఏ బడి, అబద్ధం చెప్పవచ్చా అని అడిగాడు. చెప్పకూడదు అంది. సరే, జరిగింది చెప్పు అన్నాడు. పిల్ల చేతులు కట్టుకుంది. మేజిస్ట్రేటును కాదు, ఆయన వెనక గోడను చూసింది. మొదలుపెట్టింది. గుక్క తిప్పుకోలేదు. నా గుండె పొంగింది, నిజం చెబుతున్నాను, స్టేజీ పక్కన నిలబడినట్టే పొంగింది.

అవతలి వకీలు వంతు వచ్చింది. వయసు మళ్ళినవాడు, నెమ్మదస్తుడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. “పాపా, ఇంకొకసారి చెప్పమ్మా, నాకు సరిగా వినపడలేదు,” అన్నాడు. పిల్ల మళ్ళీ చెప్పింది. సగంలో, “ఒక్క నిమిషం,” అని ఆపాడు. ఆగింది. “ఇప్పుడు చెప్పు,” అన్నాడు. పిల్ల చేతులు సర్దుకుని మొదటినుంచి మొదలుపెట్టింది. మళ్ళీ సగంలో ఆపాడు. మళ్ళీ మొదటినుంచి, అదే మాట, అదే ఊపు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టేశాడు.

“చాలా బాగా చెబుతున్నావే. ఎవరు నేర్పించారు?” అన్నాడు వకీలు.

అబద్ధం చెప్పకూడదని ఆమె ఇందాకే ఒప్పుకుంది. “మా చిన్నమ్మ. ఆదివారం ఆదివారం నేర్పించింది,” అంది గర్వంగా. కోర్టులో ఎవరో నవ్వారు.

“మిల్లులో పనిమనుషులున్నారు. పిండి కోసం వచ్చిన జనం ఉన్నారు. వాళ్ళందరినీ విడిచి నువ్వు ఆ గదిలోకి ఎందుకు పోయావు?”

జవాబు ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు. మిరపకాయల ఘాటుకు తుమ్ములు వస్తుంటే, అక్కడ తుమ్ములు రావని పిలిచాడు కాబట్టి పోయింది. ఒక్క మాట. కానీ నేను నేర్పిన పాఠంలో ఆ మాట లేదు. పిల్ల నోరు తెరిచి, మూసి, తల తిప్పి వెనక బెంచీ మీద నన్ను చూసింది. చెప్పవచ్చా అని అడుగుతున్న చూపు. నా చెయ్యి నాకు తెలియకుండానే ముక్కు దగ్గరికి పోయింది.

వకీలు అది చూశాడు. “ఆ కూర్చున్నావిడ సైగలు చేస్తున్నారు,” అన్నాడు మేజిస్ట్రేటుతో. నన్ను లేచి బయటికి పొమ్మన్నారు. ఏదో చెప్పబోయాను, ఎవరూ వినలేదు. తలుపు దాటుతూ వెనక్కు చూశాను. అంత పెద్ద గదిలో ఆ పిల్లకు తెలిసిన మొహం ఒక్కటే మిగిలింది. అది మిల్లువానిది.

తిరుగు రైల్లో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. మేము దిగే వైట్‌ఫీల్డు దగ్గరపడుతుండగా అడిగింది. “చిన్నమ్మా, తుమ్ములు చెప్పొచ్చునా? నువ్వు వద్దన్నావని చెప్పలేదు.” అక్క నా వైపు చూసింది. నేను కిటికీ బయటికి చూశాను. “యాడన్నా తప్పు పోయినానా?” అని మళ్ళీ అడిగింది. “లేదమ్మా, బాగా చెప్పినావు,” అన్నాను. ఆ మాట వినేసరికి మొహం విప్పారింది. నాకు రైల్లోంచి దూకేద్దామనిపించింది.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. పిల్ల సాక్ష్యం ఎవరో నేర్పించినట్టు కనబడుతోంది కాబట్టి సందేహం కింద అతన్ని విడిచిపెట్టారు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, “నువ్వు ఉండబట్టి కోర్టు దాకా అన్నా పోయింది,” అన్నాడు బావ, అన్నం తింటూ. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టి ఊపిరి పీల్చుకునేదాన్ని.

తిట్టడానికి వేరేవాళ్ళను వెతుక్కున్నాను. నాకది కష్టం కాదు. స్టేషనును తిట్టాను, టేబులు ఎత్తును తిట్టాను, కోర్టుకు తెర కట్టనివాళ్ళను, ఏళ్ళకేళ్ళు వాయిదాలు వేసినవాళ్ళను, చట్టం రాసినవాళ్ళను తిట్టాను. ఆ తిట్లలో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజమే కావడం వల్ల వాటి వెనక నేను హాయిగా దాక్కున్నాను. బడిలో మాత్రం ఆ ఏడాది స్కూల్ డేకు పద్యాలు నేర్పనన్నాను. హెడ్‌మాస్టరు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

ఒక దశాబ్దం గడిచింది. కాడుగోడి చుట్టూ గాజు ఆఫీసులు లేచాయి. రాగులు పట్టించేవాళ్ళు తగ్గారు, ప్యాకెట్ల పిండి వచ్చింది. మిల్లు మనిషి మంచాన పడి పోయాడు. ఊరు బాగానే సాగనంపింది. పిల్లల మీద జరిగే నేరాలకు వేరే చట్టం కావాలని పేపర్లలో రాయడం మొదలైంది. కోర్టులో పిల్లలకూ ముద్దాయికీ మధ్య తెర ఉండాలని పెద్ద కోర్టు అన్నదని కూడా ఎక్కడో చదివాను. చేతులు కాలాక ఆకులు అనుకున్నాను కసిగా.

అక్క కూతురు అప్పటికి డిగ్రీ ఆఖరు ఏడు. ఒక సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. అలాంటి చట్టం ఎలా ఉండాలో జనం మాట అడగడానికి ఒక సంస్థవాళ్ళు ఊళ్ళో మీటింగు పెడుతున్నారట, కాలేజీ బోర్డు మీద చూసిందట. “పోదాం పా చిన్నమ్మా. టీచర్లు కూడా రావచ్చంట. నువ్వు మాట్లాడల్ల. నువ్వు మాట్లాడితే ఎవురైనా ఇంటారు,” అంది. ఆ సంగతి ఆమె నాతో అన్నేళ్ళలో ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సరేనన్నాను. స్టేషను గురించి, కోర్టు గురించి గట్టి ఉపన్యాసం ఒకటి తయారుచేసుకున్నాను. బుద్ధి పోనిచ్చుకున్నానా, కంఠతా పట్టాను.

హాలు నిండా జనం. లాయర్లు, డాక్టర్లు, బడి మాస్టర్లు, కొంతమంది తల్లులు. ఒకావిడ మైకులో ఒక్కొక్క సూచన చదివి అభిప్రాయం అడుగుతోంది. పిల్లలను స్టేషనుకు పిలవకూడదు, ఇంటికో, పిల్లలకు నచ్చిన చోటికో పోయి అడగాలి. అడిగేవాళ్ళు యూనిఫారంలో ఉండకూడదు. ముద్దాయి కంట పడనివ్వకూడదు. మాటిమాటికీ చెప్పించకూడదు. ప్రతిదానికీ నేను తల ఊపాను. ప్రతి సూచన వెనకా నాకు మా పిల్ల గడ్డం దాకా వచ్చిన ఆ టేబులే కనబడింది. తర్వాతి సూచన చదివింది. పిల్లలకు నమ్మకమున్న పెద్దవాళ్ళొకరు మొదటినుంచి చివరిదాకా తోడుండాలి. అందరూ బాగుంది బాగుంది అన్నారు.

నా పక్కన కుర్చీ కదిలింది. అక్క కూతురు లేచి నిలబడింది. నాతో చెప్పలేదు. చేతులు కట్టుకోలేదు, ముందు కుర్చీ వీపును పట్టుకుంది. కన్నడలో మొదలుపెట్టి, తడబడి, అక్కడినుంచే అందుకుంది.

“తోడుండే మనిషి పిల్లలకు ఏమీ నేర్పించకూడదని కూడా రాయండి. పక్కన కూర్చోవాలి, నీళ్ళు ఇవ్వాలి, అంతే. పిల్లలు ఎక్కడినుంచి మొదలుపెడితే అక్కడినుంచే వినాలి. ఆగితే ఆగనివ్వాలి. చెడ్డవాళ్ళ గురించి కాదు నేను చెప్పేది. ప్రేమ ఉన్నవాళ్ళే ఎక్కువ నేర్పిస్తారు.”

కూర్చుంది. మైకు దగ్గరావిడ, “మంచి మాట,” అని రాసుకుంది. ఒక లాయరు లేచి, నేర్పించారన్న కారణంతో పోయిన కేసుల గురించి ఏదో చెప్పాడు. నాకు సగం వినపడలేదు. ఆమె నా వైపు చూడలేదు, నా పేరు ఎత్తలేదు. లేచి, ఆ నేర్పించింది నేనే అని చెప్పాలనిపించింది. లేవలేదు. నేను కంఠతా పట్టిన ఉపన్యాసం నోట్లోనే చచ్చిపోయింది. ఆ చట్టం రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అలాంటి మాట కొంచెం అందులో ఉంటుందేమోనని తర్వాత వెతికి చదివాను. కానీ నా కథ హాలుకు బయట, బస్‌స్టాపులో ముగిసింది.

అక్కడ నిలబడగానే, “బేజారు అయినావా చిన్నమ్మా?” అంది. “నీ మింద కోపంతో అనలేదు.”

“కోపం ఉంటే తప్పేముంది? నన్ను అనాల్సిందే,” అన్నాను. “ఆ పొద్దు కేసు పోయింది నా వల్లే. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పుకోవాల్సింది.”

“కేసు సంగతి వదిలేయ్. పోయినాడు కదా ఆ మనిషి,” అంది. “ఇంకోటి ఉండాది. నువ్వు నేర్పించింది నాకు ఇప్పటికీ వస్తాది. ఒక్క మాట పోలేదు, నిద్రలో లేపినా చెప్తాను. కానీ ఆ దినం గుర్తు లేదు చిన్నమ్మా. ఎంత తలుచుకున్నా ఆ కన్నడమే వస్తాది. వేరే ఏమీ రాదు. ఒక్కోసారి అనిపిస్తాది, నిజంగా అయిందా, లేకుంటే నువ్వు నేర్పించినందుకు నాకు వచ్చిందా అని.”

“అయింది,” అన్నాను. “అయింది తల్లీ. నువ్వే నాకు చెప్పినావు, అనపకాయలు ఒలుస్తా.”

“ఏం చెప్పినాను? నేనెట్ల చెప్పినానో అట్లే చెప్పు.”

నాకు అంతా గుర్తుంది. ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో, ఎక్కడ నవ్విందో, చివర ఏమందో. అన్నేళ్ళూ ఆమె మాటలు నా దగ్గరే ఉన్నాయి. నోరు తెరవబోయి భయపడ్డాను.

“ఇప్పుడు నేనేం చెప్పినా, అది మళ్ళా నేను నేర్పినట్టే అవుతాది కదే,” అన్నాను.

“అవుతాది,” అంది ఆమె. “అయినా చెప్పు. నీ దగ్గర తప్ప ఇంక ఎవురి దగ్గరా లేదు కదా.”

చెప్పాను. మా ఇంటి తెలుగులో, ఆమె చెప్పిన వరసలోనే, తుమ్ములతో మొదలుపెట్టి, పిండి అంటిన గౌనుతో, బెల్టు చప్పుడుతో, తీసేసినవన్నీ కలిపి చెప్పాను. బస్సులు వచ్చి పోయాయి. ఎవరో పరాయి పిల్ల సంగతి వింటున్నట్టు, ఆమె నా మొహంలోకే చూస్తూ శ్రద్ధగా వింది. నేను ప్రతి మాట దగ్గరా ఆగి చూశాను. ఒక్కచోట కూడా “అవును” అనలేదు.